పాన్ శాక్రిఫైస్ చూసినవాళ్ళు రండి: స్పాస్కీ చప్పట్లు ఎందుకు కొట్టాడు?

గుర్రం_ఎఫ్3

నిన్న రాత్రి అక్కా నేనూ కలిసి పాన్ శాక్రిఫైస్ చూశాం. 2014లో వచ్చిన సినిమా, 1972లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో అమెరికన్ బాబీ ఫిషర్‌కీ సోవియట్ వరల్డ్ ఛాంపియన్ బోరిస్ స్పాస్కీకీ జరిగిన టైటిల్ మ్యాచ్ మీద తీశారు. ఫిషర్ అంటే నాకు ప్రాణం కాబట్టి సినిమావాళ్ళు ఆయన్ని ఏం చేసుంటారో అన్న భయంతోనే ఇన్నేళ్ళూ వాయిదా వేస్తూ వచ్చాను. టోబీ మాగ్వైర్ ఫిషర్‌గా చేశాడు, లీవ్ ష్రైబర్ స్పాస్కీగా చేశాడు, డైరెక్టర్ ఎడ్వర్డ్ జ్విక్.

నాకు నచ్చినవీ ఉన్నాయి, కడుపు మండినవీ ఉన్నాయి, అవన్నీ తర్వాత రాస్తా. ముందు నన్ను పట్టుకుని వదలని విషయం చెప్తా. మా అక్కకి పావులు ఎలా కదులుతాయో తెలుసు, అంతకుమించి చెస్ తెలీదు. ఆరో గేమ్ అయిపోగానే స్పాస్కీ లేచి చప్పట్లు కొడతాడు కదా, అక్కడ సినిమా ఆపి అడిగింది, "ఓడిపోయినవాడు చప్పట్లు కొట్టడమేంట్రా, అవతలివాడు అంత గొప్పగా ఏం చేశాడు?" అని. నేను నోరు తెరిచాను గానీ మాట రాలేదు. ఆ గేమ్ నేను కనీసం ఇరవై సార్లు ఆడుకుని ఉంటా, అయినా చెప్పలేకపోయాను. సినిమాలో అయితే ఎక్కడా చెప్పలేదు. మీరైతే ఏం చెప్తారు?

నల్లగడి

చెప్పలేకపోవడం నీ తప్పు కాదు బ్రో, సినిమా తప్పు. రెండు గంటల సినిమా తీసి, దానికి గుండెకాయ లాంటి గేమ్ పెట్టుకుని, ఆ గేమ్‌లో ఏం జరిగిందో ఒక్క ముక్క చెప్పకపోతే ఎట్లా? ముఖం క్లోజప్, పావు క్లోజప్, క్లాక్ నొక్కిన చప్పుడు, హాల్లో జనాల ముఖాలు, మళ్ళీ ముఖం క్లోజప్, ఇంతే. పాట వినిపించకుండా పాడేవాడి నోరు మాత్రం చూపించి గొప్పగా పాడాడు అంటే మనం నమ్మాలా?

ఇంకా కోపం ఏంటంటే ఆ మ్యాచ్ 21 గేములు. జూలై 11న మొదలై సెప్టెంబర్ 1న అయిపోయింది, స్కోరు 12½–8½, గెలిచింది ఫిషర్. సినిమా ఆరో గేమ్ దగ్గర ఆగిపోతుంది. ఆరో గేమ్ అయ్యేసరికి స్కోరు ఎంతో తెలుసా, 3½–2½, అంతే, ఫిషర్ ఒక్క పాయింట్ ముందున్నాడు. ఇంకా పదిహేను గేములున్నాయి. పదకొండో గేమ్‌లో పాయిజన్డ్ పాన్ వేరియేషన్ అనే ఓపెనింగ్‌లో స్పాస్కీ గుర్రాన్ని వెనక్కి బీ1 గడికి లాగి ఫిషర్ క్వీన్‌ని బంధించి చితక్కొట్టాడు, ఆ దెబ్బకి ఫిషర్ ఆ వేరియేషన్‌ని ఆ మ్యాచ్‌లో మళ్ళీ ముట్టుకోలేదు. అది సినిమాకి పనికిరాదా? స్పాస్కీ రెండు వారాల్లో ముగిసిపోయిన మనిషి కాదు.

సీల్డ్_మూవ్

నల్లగడి, నువ్వు చెప్పింది చాలావరకు ఒప్పుకుంటా కానీ ఒక్క మాట, మనలాంటివాళ్ళ కోసం తీసిన సినిమా కాదది. అయిదు గంటలు ఇద్దరు కుర్చీల్లో కూర్చుని ఆలోచించడం చూపిస్తే ఎవరు చూస్తారు? చెస్‌లో జరిగేదంతా బుర్ర లోపల, కెమెరాకి దొరికేది చెయ్యీ ముఖమూ మాత్రమే, కాబట్టి డైరెక్టర్ ముఖాన్ని పట్టుకున్నాడు. లీవ్ ష్రైబర్ని చూడు, సగానికి సగం సీన్లలో డైలాగే లేదు, ఉన్నా రష్యన్‌లో, అయినా ఆ మనిషి ఆలోచిస్తున్నాడని తెలుస్తుంది, భయపడుతున్నాడని తెలుస్తుంది. నేను ఆ కళ్ళ కోసమే రెండోసారి చూశా.

మూడో గేమ్ సీన్ కూడా నాకు బాగా నచ్చింది. కెమెరాల చప్పుడు భరించలేనని ఫిషర్ రెండో గేమ్‌కి రాలేదు, 0–2 అయింది, ఇంటికి వెళ్ళిపోతాడని అందరూ అనుకున్నారు, అప్పుడు స్పాస్కీ వెనక గదిలో ఆడటానికి ఒప్పుకున్నాడు. టేబుల్ టెన్నిస్ ఆడే గది అది. సినిమాలో ఆ ఇరుకు, ఆ నిశ్శబ్దం పట్టుకున్నారు.

కొత్త_బంటు

నేను చెస్ నేర్చుకుని ఏడాది అయింది, తప్పుగా అడిగితే ఏమనుకోకండి. 2–0తో ముందున్నప్పుడు స్పాస్కీ ఎందుకు ఒప్పుకున్నట్టు? కాదని ఉంటే మ్యాచ్ అయిపోయేది కదా, టైటిల్ ఆయన దగ్గరే ఉండిపోయేది కదా? సినిమాలో నాకు అది అర్థం కాలేదు, ఏదో అతి నమ్మకంతో ఒప్పుకున్నట్టు అనిపించింది.

పాతకాపు_72

కొత్త బంటూ, మంచి ప్రశ్న అడిగావు, దీనికి నేను జవాబు చెప్తాను ఎందుకంటే ఆ మ్యాచ్ జరుగుతున్నప్పుడు నాకు పద్నాలుగేళ్ళు, పేపర్లో వచ్చిన ఎత్తులు చూసి బోర్డు మీద ఆడుకున్నవాణ్ణి. అప్పట్లో ఇంగ్లిష్ పేపర్లలో రాజు ముందున్న బంటు రెండు గడులు వెళ్తే ఇప్పటిలా ఈ4 అని కాదు, పీ-కే4 అని వేసేవారు, గేమ్ జరిగిన మర్నాడో ఆ మర్నాడో వచ్చేది, ఒక్కోసారి అచ్చుతప్పు పడి గుర్రం వెళ్ళలేని గడికి వెళ్ళేది, దాన్ని సరిచేసుకుంటూ సాయంత్రమంతా కూర్చునేవాణ్ణి.

స్పాస్కీ ఒప్పుకున్నది అతి నమ్మకంతో కాదు, ఆయన ఆడాలనుకున్నాడు కాబట్టి. అంతకు ముందు ఇద్దరూ అయిదు సార్లు ఆడారు, మూడు స్పాస్కీ గెలిచాడు, రెండు డ్రా, ఫిషర్ ఒక్కటీ గెలవలేదు. 1960లో మార్ డెల్ ప్లాటాలో, 1966లో సాంటా మోనికాలో, 1970లో సీగెన్‌లో గెలిచాడు. అలాంటివాడికి అవతలివాడు రాకుండానే వచ్చిన టైటిల్ ఏం రుచిస్తుంది? మనిషి పుట్టింది 1937లో లెనిన్‌గ్రాడ్‌లో, యుద్ధంలో చిన్నపిల్లాడిగా ఊరు దాటించేస్తే అనాథ శరణాలయంలో ఉన్నాడు, చెస్సే తిండి పెట్టింది ఆయనకి. చెస్‌ని గౌరవించడం తప్ప వేరే తెలీదు. సినిమా ఆయన్ని నల్ల కళ్ళద్దాలు పెట్టి, చుట్టూ మనుషుల్ని పెట్టి, ఏదో పెద్ద స్టార్‌లాగా దింపింది, అది చూసి నాకు బాధేసింది. చివర్లో చప్పట్ల దగ్గర మాత్రం అసలు స్పాస్కీ కనిపించాడు.

ఆ మూడో గేమ్‌లోనే ఫిషర్ మోడర్న్ బెనోనీ అనే ఓపెనింగ్‌లో గుర్రాన్ని అంచున హెచ్5లో పెట్టాడు, బంట్ల వరస చెడుతుందని తెలిసి. ఆ ఎత్తు పేపర్లో చూసి అచ్చుతప్పే అనుకున్నాను. కాదు. ఆ గేమ్ గెలిచాడు, స్పాస్కీ మీద జీవితంలో మొదటి గెలుపు.

నల్లగడి

పాతకాపు గారూ, అచ్చుతప్పు అనుకోవడం చదివి ఒళ్ళు పులకరించింది, నిజంగా. ఇది సినిమాలో ఉండాల్సిన సీన్ అండి. ఒక గదిలో ఒక పిల్లాడు పేపర్ పట్టుకుని కూర్చుని ఈ ఎత్తు తప్పేమో అని మళ్ళీ మళ్ళీ చూసుకోవడం. అది చూపిస్తే చాలు ఆ ఎత్తు ఎంత వింతో చెస్ రానివాళ్ళకి కూడా తెలిసేది.

తూర్పు_వాకిలి

అందరూ గేముల గురించి మాట్లాడుతున్నారు, నాకు వేరే బాధ ఉంది ఈ సినిమాతో. మా ఇంట్లో ఒకరికి అనుమానాల జబ్బు ఉంది. ఫోన్లో ఎవరో వింటున్నారు, గోడ వెనక ఎవరో ఉన్నారు, ఇవన్నీ మేం రోజూ చూశాం, ఏళ్ళ తరబడి. కాబట్టి సినిమాలో ఫిషర్ గదంతా పీకి పోగులు పెట్టే సీన్ వచ్చినప్పుడు నాకు అది సినిమాలా అనిపించలేదు. మాగ్వైర్ బాగా చేశాడు, అబద్ధం చెప్పను.

కానీ సినిమా మెల్లగా ఒక మాట మనకి ఎక్కిస్తుంది, ఈ పిచ్చీ ఈ మేధా ఒకటే అని, చెస్ ఎక్కువ ఆడితే బుర్ర ఇలా అయిపోతుందని. అక్కడే నాకు మండుతుంది. జబ్బు వల్ల ఎవరూ బాగా ఆడరు, జబ్బు మనిషి దగ్గర్నుంచి లాక్కుంటుంది, అంతే. 1972లో గెలిచాక ఇరవై ఏళ్ళు ఆయన ఒక్క అఫీషియల్ గేమ్ ఆడలేదు, 1975లో తనతో తలపడాల్సిన కార్పోవ్‌తో ఆడకుండానే టైటిల్ వదిలేశాడు. ఆ ఇరవై ఏళ్ళ గేములు మనకి లేవు. దాన్ని మేధకి మూల్యం అని అందంగా చెప్పొద్దు, అది పోగొట్టుకోవడం.

చెస్ ఆడినవాళ్ళందరికీ అలా అవ్వాలంటే స్మిస్లోవ్ ఏంటి మరి? వరల్డ్ ఛాంపియన్, మంచి గాయకుడు, 63 ఏళ్ళ వయసులో క్యాండిడేట్స్ (ఛాంపియన్‌తో ఎవరు ఆడాలో తేల్చే పోటీ) ఫైనల్ ఆడాడు కుర్ర కాస్పరోవ్‌తో. ఇంకో వరల్డ్ ఛాంపియన్ బోట్విన్నిక్ ఎలక్ట్రికల్ ఇంజనీర్. స్పాస్కీయే ఉన్నాడు ఎదురుగా, నిబ్బరంగా. వీళ్ళ మీద సినిమాలు రావు.

సీల్డ్_మూవ్

తూర్పు వాకిలి గారూ, మీ పోస్ట్ చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరన్నది నిజం. ఒక్కటి మాత్రం సినిమా వైపు నుంచి చెప్తాను, ఆ అనుమానాలకి కొంత కారణం బయట కూడా ఉందని సినిమా చూపించింది. తల్లి రెజీనా మీద ఎఫ్‌బీఐ ఏళ్ళ తరబడి నిఘా పెట్టింది, వందల పేజీల ఫైల్ ఉంది ఆమె మీద, ఇది తర్వాత బయటపడిన నిజం. చిన్నప్పుడే ఇంటి బయట కారులో మనుషులు కాపలా ఉంటే పిల్లాడికి ఏది అనుమానం ఏది నిజం అన్న తేడా ఎలా తెలుస్తుంది? సోవియట్ ఆటగాళ్ళు తమలో తాము డ్రాలు మాట్లాడుకుంటున్నారని 1962లో కురసావ్ దీవిలో జరిగిన క్యాండిడేట్స్ తర్వాత ఆయన అరిచి చెప్పినప్పుడు అందరూ విసుక్కున్నారు, కానీ అందులో నిజముందని తర్వాత చాలామంది ఒప్పుకున్నారు, ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) క్యాండిడేట్స్ పద్ధతిని కూడా మార్చి నాకౌట్ మ్యాచ్‌లు పెట్టింది.

తూర్పు_వాకిలి

ఆ తల్లి సీన్లు బాగున్నాయి, అది ఒప్పుకుంటాను. అక్క జోన్ కూడా. నిజానికి ఆ సినిమాలో నాకు మనిషిలా అనిపించింది జోనే, తమ్ముడికి ఏదో అవుతోందని తెలిసి ఎవరికి చెప్పాలో తెలీక తిరిగే అక్క. ఆ పాత్రకి ఇంకో పది నిమిషాలు ఇచ్చి ఉంటే బాగుండేది.

తర్వాతి రోజుల్లో ఆయన మాట్లాడిన విషపు మాటలు, యూదుల మీద, 2001 సెప్టెంబర్ 11 దాడుల మీద, వాటిని నేను జబ్బు పేరుతో కప్పిపెట్టను. అది వేరే సంగతి. ఆయన తల్లి కూడా యూదురాలే.

ఎండ్‌గేమ్_ప్రేమి

ఆలస్యంగా వచ్చాను. నేను పిల్లలకి చెస్ నేర్పిస్తాను, ఈ సినిమా గురించి పిల్లలు ఎప్పుడూ అడుగుతుంటారు కాబట్టి మూడు సార్లు చూడాల్సి వచ్చింది.

గుర్రం_ఎఫ్3, మీ అక్కగారి ప్రశ్న చాలా పెద్ద ప్రశ్న. నేనైతే ఇలా చెప్తాను.

మొదటి ఎత్తుకే హాల్లో గుసగుసలు వచ్చి ఉంటాయి. ఫిషర్ అంటే ఈ4, జీవితమంతా అదే, వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని గేముల్లో తప్ప. ఆ రోజు సీ4 ఆడాడు, అక్కణ్ణుంచి క్వీన్స్ గాంబిట్ అనే ఓపెనింగ్‌లోకి వెళ్ళిపోయాడు, అది స్పాస్కీ సొంత ఇల్లు. అందులో నల్లవైపు ఆడే టార్టకోవర్ డిఫెన్స్ స్పాస్కీకి చేతిలో పెట్టిన విద్య, అందులో అప్పటిదాకా ఆయన ఓడిపోలేదని చెప్తారు. అంటే ఫిషర్ అవతలివాడి ఇంట్లోకి వెళ్ళి కూర్చుని, వాడి పీట మీద వాడినే ఓడించాడు.

ఇప్పుడు అసలు గేమ్. 20వ ఎత్తుకి ఫిషర్ ఈ4 తోశాడు, స్పాస్కీ డీ4 అని బంటుని ముందుకి నడిపాడు. చూడటానికి బలంగా ఉంటుంది ఆ బంటు. కానీ ఆ ఒక్క ఎత్తుతో సీ4 గడి ఖాళీగా శాశ్వతంగా ఫిషర్‌కి దొరికింది, అక్కడ ఆయన బిషప్ కూర్చుంటే లేపగలిగే బంటు నల్లవాళ్ళకి లేదు. 23వ ఎత్తుకి కూర్చుంది. 26వ ఎత్తుకి ఎఫ్5 తోసి ఎఫ్ వరస తెరిచాడు, రెండు ఏనుగులూ దాని మీదకి వచ్చాయి. 31వ ఎత్తుకి ఈ6లో బంటు మేకులా దిగింది. అప్పట్నుంచి స్పాస్కీ పావులు ఒకదానికొకటి అడ్డం.

దీని తర్వాత వచ్చేదే సినిమా చూపించలేనిది. 32 నుంచి 36 ఎత్తుల వరకు స్పాస్కీ క్వీన్ ఈ8, డీ8, ఈ8, డీ8, ఈ8, అంతే, బోనులో పులి తిరిగినట్టు. ఆడటానికి ఇంకేమీ లేదు. ఫిషర్‌కి అది తెలుసు. తెలిసి కూడా తొందరపడలేదు, ఏ4 అని ఒక బంటు జరిపాడు, ఏనుగుని ఒక గడి ఎఫ్2కి, ఇంకో గడి ఎఫ్3కి జరిపాడు. ప్రపంచమంతా చూస్తున్న మ్యాచ్‌లో, ఎప్పుడూ ఓపిక లేదని అందరూ తిట్టే మనిషి, ఏమీ చెయ్యకుండా వరసగా మూడు ఎత్తులు ఆడాడు. నీ దగ్గర ఏమీ లేదని నాకు తెలుసు అని మాట లేకుండా చెప్పడం అది.

ఆ తర్వాత బిషప్‌ని డీ3కి, క్వీన్‌ని ఈ4కి తెచ్చాడు. ఇప్పుడు ఏనుగు ఎఫ్8లో పడి చెక్ ఇస్తే గుర్రం తినాలి, రెండో ఏనుగు దాన్ని తింటుంది, క్వీన్ దాన్ని తినాలి, అప్పుడు ఫిషర్ క్వీన్ హెచ్7లో మేట్. దాన్ని ఆపడానికి స్పాస్కీ గుర్రాన్ని ఎఫ్6కి తెస్తే 38వ ఎత్తుకి ఏనుగునే ఇచ్చేసి ఆ గుర్రాన్ని లేపేశాడు. 41వ ఎత్తుకి స్పాస్కీ రిజైన్.

చప్పట్లు ఆ ఏనుగు ఇవ్వడానికి కాదు అని నా నమ్మకం. ఆ మూడు ఊరికే ఎత్తులకి.

కొత్త_బంటు

ఎండ్‌గేమ్ గారూ నేను మీరు రాసింది బోర్డు మీద పెట్టి చూశాను, ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) ఆన్ చెయ్యకుండా. 33 దగ్గర నల్లవైపు నేను ఆడదామని చూస్తే నిజంగా ఏ పావు కదిపినా ఏదో ఒకటి పోతోంది. గుర్రం కదిలితే ఏనుగు లోపలికి వస్తుంది. క్వీన్‌ని అటూ ఇటూ తిప్పడం తప్ప గతి లేదు. ఊపిరాడలేదు నాకు.

నల్లగడి

ఈ పోస్ట్ చాలు, థ్రెడ్ ధన్యం. ఇంకో సంగతి కలుపుతా. 14వ ఎత్తులో ఫిషర్ బిషప్‌ని బీ5లో పెట్టాడు కదా, దానికి స్పాస్కీ ఏ6 ఆడాడు. క్వీన్‌ని బీ7కి తీసుకెళ్ళడం మంచిదని తర్వాత తేలింది. మరుసటి ఏడాదే 1973లో గెల్లర్ అనే గ్రాండ్‌మాస్టర్ టిమ్మన్ అనే ఆటగాడి మీద అదే ఆడి గెలిచాడు. గెల్లర్ ఎవరు? రేక్యావిక్‌లో స్పాస్కీ టీమ్‌లో ఉన్న మనిషి! మందు పక్క గదిలోనే ఉంది. ఇంత నాటకం ఉంటే సినిమావాళ్ళకి కనిపించలేదా?

పాతకాపు_72

కనిపించినా చూపించలేరు నాయనా. ఏ6కీ క్వీన్ బీ7కీ తేడా చెప్పాలంటే పది నిమిషాలు బోర్డు ముందు కూర్చోబెట్టాలి ప్రేక్షకుణ్ణి.

మీరు ఎవరూ అనని మాట ఒకటి ఉంది. ఆ మ్యాచ్‌ని సినిమాగా తీసే హక్కులు చెస్టర్ ఫాక్స్ అనే ఆయన కొనుక్కున్నాడు, కెమెరాలు పెట్టాడు, ఫిషర్ తీయించేశాడు. అంచేత ఆ హాల్లో గేములు జరుగుతుండగా తీసిన ఫిల్మ్ మనకి దాదాపు లేదు. శతాబ్దానికి పెద్ద మ్యాచ్, తెచ్చిన కెమెరాలు ఉన్నాయి, మనుషులు ఉన్నారు, దృశ్యం లేదు. ఆరో గేమ్‌లో స్పాస్కీ చప్పట్లు కొట్టడం మనం చూడలేదు, విన్నాం, చదివాం. యాభై ఏళ్ళకి పైగా నేను దాన్ని నా మనసులో ఊహించుకుంటూ వచ్చాను. ఈ సినిమా మొదటిసారి నా కళ్ళకి చూపించింది. తప్పులు నేనూ లెక్కపెట్టాను, కానీ ఆ అర నిమిషానికి మాత్రం నేను వాళ్ళకి రుణపడి ఉన్నాను.

సీల్డ్_మూవ్

పాతకాపు గారూ 🙏

తప్పుల సంగతి వచ్చింది కాబట్టి, లొంబార్డీ విషయం. సినిమాలో ఫాదర్ లొంబార్డీ ఎప్పట్నుంచో ఫిషర్ పక్కనే తిరుగుతుంటాడు, లాయర్ మార్షల్ కూడా అంతే, ముగ్గురూ కలిసి ఊళ్ళు తిరుగుతున్నట్టు. నిజంగా ఆ ఏళ్ళలో అలా లేదు. లొంబార్డీ రేక్యావిక్‌కి సెకండ్‌గా (గేములకి సిద్ధం చేసే సహాయకుడిగా) వెళ్ళాడు, అదైతే నిజం. 1971 క్యాండిడేట్స్‌లో పక్కనుండి అన్నీ చూసుకున్నది అమెరికన్ చెస్ ఫెడరేషన్ తరఫున ఎడ్మండ్సన్, ఆయన సినిమాలో ఆనవాలు లేడు. ఇంకా పాపం లొంబార్డీని ఒక మంచి చర్చి ఫాదర్‌లానే ఎక్కువ చూపించారు గానీ ఆయన 1957 వరల్డ్ జూనియర్‌లో 11కి 11 గెలిచినవాడు. అలాంటివాడు పక్కనుంటే ఆ అర్ధరాత్రి ఆగిన గేముల మీద ఎంత పని జరిగి ఉంటుంది!

కొత్త_బంటు

గేములు ఆగడం అంటే?

సీల్డ్_మూవ్

నా పేరే అది :) అప్పట్లో 40 ఎత్తులకి రెండున్నర గంటలు ఒక్కొక్కరికి. అయిదు గంటలైనా గేమ్ తేలకపోతే ఆపేసి మర్నాడు కొనసాగించేవాళ్ళు. ఆపేటప్పుడు వంతు ఎవరిదో వాళ్ళు తర్వాతి ఎత్తు కాగితం మీద రాసి కవర్లో పెట్టి అంటించి ఆర్బిటర్‌కి, అంటే రిఫరీకి, ఇస్తారు, అది సీల్డ్ మూవ్. రాత్రంతా రెండు టీములూ నిద్ర లేకుండా అనాలిసిస్. మూడో గేమ్ అలాగే ముగిసింది, కవర్ తెరిచి ఫిషర్ రాసిన ఎత్తు చూసి స్పాస్కీ అక్కడే రిజైన్ చేశాడు. 21వ గేమ్ అయితే స్పాస్కీ మర్నాడు రాలేదు కూడా, ఫోన్ చేసి రిజైన్ అని చెప్పాడు. అలా అయిపోయింది వరల్డ్ ఛాంపియన్‌షిప్, ఎదురుగా ఖాళీ కుర్చీతో.

నల్లగడి

ఆ ఖాళీ కుర్చీతో సినిమా ముగించి ఉంటే! కవర్, ఫోన్, ఖాళీ కుర్చీ, ఇంక డైలాగ్ అక్కర్లేదు.

మొదటి గేమ్ మీద కూడా నాకు ఒక ఫిర్యాదు. 29వ ఎత్తుకి ఫిషర్ బిషప్‌తో హెచ్2 బంటుని తినేశాడు, జీ3 తోస్తే బిషప్ లోపల ఇరుక్కుపోయింది, రెండు బంట్లకి బిషప్ పోయింది. డ్రా అయిపోవాల్సిన పొజిషన్‌లో అది. సినిమా చూసినవాళ్ళకి అది ఒత్తిడిలో చేసిన తప్పు అనిపిస్తుంది. అంత తేలిక కాదు. డ్రా చేసుకోవడం ఇష్టం లేని మనిషి చేసిన పని అది. ఆ తర్వాత కూడా డ్రా దొరికేదని అనాలిసిస్‌లు చూపించాయి, అంటే ఆయన లెక్క పూర్తిగా పిచ్చి లెక్క కాదు. గెలవాలన్న ఆకలి, తప్పులో కూడా కనిపించే ఆకలి. అదే మనిషి ఏడాది ముందు క్యాండిడేట్స్ మ్యాచ్‌ల్లో టైమనోవ్‌ని 6–0, లార్సెన్‌ని 6–0 కొట్టాడు, ఆ స్థాయిలో ఒక్క డ్రా లేకుండా, ఇప్పటికీ నమ్మలేం.

తూర్పు_వాకిలి

నాకు ఇంకో సీన్ కావాలనిపించింది, సినిమా అయిపోయాక జరిగిన కథ. 2004లో ఫిషర్‌ని జపాన్‌లో పట్టుకుని నిర్బంధించారు కదా, 1992లో యుగోస్లావియాలో ఆంక్షలు దాటి స్పాస్కీతో మళ్ళీ ఆడినందుకు. అప్పుడు స్పాస్కీ అమెరికా ప్రెసిడెంట్‌కి ఉత్తరం రాశాడు. తప్పు చేసింది ఇద్దరం, నన్ను కూడా అరెస్ట్ చేసి ఆయన సెల్‌లోనే పెట్టండి, మాకో చెస్ సెట్ ఇవ్వండి అని. ఎవరికి టైటిల్ పోగొట్టుకున్నాడో ఆ మనిషి కోసం.

మా ఇంట్లో మనిషికి బాగోలేనప్పుడు స్నేహితులు ఒక్కొక్కళ్ళే రావడం మానేశారు. కాబట్టి ఆ ఉత్తరం గురించి చదివినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది.

పాతకాపు_72

ఐస్‌లాండ్ వాళ్ళు 2005లో పౌరసత్వం ఇచ్చి తెచ్చుకున్నారు ఫిషర్‌ని. 2008 జనవరిలో రేక్యావిక్‌లోనే పోయాడు, 64 ఏళ్ళకి. బోర్డు మీద గడులు ఎన్నో అన్నేళ్ళు. స్పాస్కీ 2025 ఫిబ్రవరిలో పోయాడు. ఆ వార్త చూసిన రోజు నేను ఆరో గేమ్ బోర్డు మీద పెట్టుకుని ఈసారి నల్లవైపు కూర్చున్నాను. ఎప్పుడూ తెల్లవైపే కూర్చునేవాణ్ణి.

గుర్రం_ఎఫ్3

రెండు రోజుల తర్వాత వస్తున్నా, అందరి పోస్టులూ చదివాను, పాతకాపు గారిది రెండు సార్లు.

నిన్న సాయంత్రం అక్కని కూర్చోబెట్టి బోర్డు తీశాను. ఎండ్‌గేమ్ గారు రాసింది పక్కన పెట్టుకుని మొదటి ఎత్తు నుంచి ఆడాం. ఓపెనింగ్ త్వరగా దాటేశాను, 20 దగ్గర ఆగి సీ4 గడి చూపించాను. బిషప్ అక్కడ కూర్చోగానే "ఇంక దీన్ని ఎవరూ లేపలేరా?" అంది. లేపలేరు అన్నాను. 31 అయ్యాక తనని నల్లవైపు తిప్పి కూర్చోబెట్టి ఇప్పుడు నువ్వు ఆడు అన్నాను. చాలాసేపు చూసింది. గుర్రం మీద వేలు పెట్టింది, తీసేసింది. ఏనుగు మీద పెట్టింది, తీసేసింది. చివరికి క్వీన్‌ని ఒక గడి జరిపింది. నేను ఏ4 ఆడాను. తను క్వీన్‌ని వెనక్కి జరిపింది. నేను ఏనుగుని ఒక గడి జరిపాను. తను మళ్ళీ క్వీన్. అన్నీ స్పాస్కీ ఆడినవే, నేను ఏమీ చెప్పలేదు.

అప్పుడు తలెత్తి అడిగింది, "నాకు ఆడటానికి ఏమీ లేదని ఫిషర్‌కి తెలుసా?" తెలుసు అన్నాను. "అతనికి తెలుసని స్పాస్కీకి తెలుసా?" అది కూడా తెలుసు అన్నాను. ఇంకేమీ అడగలేదు. చివరిదాకా ఆడాం, 41 తర్వాత పావులు సర్దుతుంటే వద్దు అలాగే ఉంచు అంది, పొద్దున లేచేసరికి బోర్డు టేబుల్ మీద అలాగే ఉంది, తను నల్లవైపు కుర్చీలో కూర్చుని దాన్నే చూస్తోంది.

ఈ ఆదివారం ఇంకో గేమ్ పెట్టమంది. 13వది పెడదామనుకుంటున్నా, అలెఖైన్ డిఫెన్స్ అనే ఓపెనింగ్‌ది. ఎండ్‌గేమ్ గారూ, ఆ ఎండింగ్ అలా చెప్పగలరా, ఇక్కడ రాస్తే చాలు.

ఎండ్‌గేమ్_ప్రేమి

శనివారం లోపు రాస్తాను. 74 ఎత్తుల గేమ్ అది, రెండు సాయంత్రాలు పెట్టుకోండి. ఫిషర్ తన ఏనుగుని తనే జీ8 మూలలో ఇరికించుకుని, మిగతా యుద్ధమంతా రాజుతోనూ బంట్లతోనూ చేస్తాడు. ఆ ఏనుగు దగ్గరకి వచ్చేసరికి మీ అక్కగారిని తెల్లవైపు కూర్చోబెట్టండి, అక్కణ్ణుంచి చూస్తే ఎదురుగా వచ్చే ఆ బంట్లన్నీ కనిపిస్తాయి.